ఎడమ పక్క సీటు

డిసెంబరు 3

బండి బ్యాటరీలో మళ్ళీ నీళ్ళు అయిపోయాయి. పోయిన ఆదివారమే కదా నిండుగా పోశాను! మూతలు విప్పి చూస్తే లోపలి పలకలు తేలి కనిపిస్తున్నాయి. ఇదేంటయ్యా అని ఆయన్ని అడిగితే “చలికాలం గదనే” అన్నాడు. చలికాలంలో ఎవరైనా ఎక్కువ నీళ్ళు తాగుతారా? అడిగినందుకు నాదే బుద్ధి తక్కువ.

ఈ డైరీ దీపావళికి మార్కెట్ సేఠ్ ఇచ్చాడు. రుచితకు ఇస్తే “ఇప్పుడు డైరీ ఎవరు రాస్తారు మమ్మీ” అని మూలకు పడేసింది. నేను రాస్తాను. ఇన్నేళ్ళూ ఇంట్లో కూర్చుని చీరలకు స్టోన్లు అంటించాను, అందులో రాసుకునేది ఏముంది? ఇప్పుడు ఉంది. దసరా నుంచి నేను మా ట్రక్కు ఎక్కుతున్నాను. ఎడమ పక్క సీటు నాది.

పాత క్లీనరు మానేశాక ఆయనే అడిగాడు. “నువ్వే రారాదే పద్మా, ఒక్కనికి తోస్తలేదు” అన్నాడు. హవ్వ! పెళ్ళైన కొత్తలో కూడా ఈ రఘుపతి నోటి నుంచి ఇలాంటి మాట రాలేదు. ఆ రోజు వండిన పప్పులో ఉప్పు వేయడం మర్చిపోయాను.

డిసెంబరు 6

నా లంగాకు చిల్లులు పడ్డాయి. ఒకటీ రెండూ కాదు, అంచు పొడుగునా. ఎలుకలని పొద్దున్నుంచి తిట్టిపోశాను. రుచిత వచ్చి “మమ్మీ, లోపలి లంగా కొరికిన ఎలుక పైన చీరను ఎందుకు వదిలేసింది?” అంది. నిజమే. చీర మీద గీత కూడా లేదు.

ఆయన్ని పిలిచి చూపించాను. గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు, చూడను కూడా చూడలేదు. బొటనవేలితో చిల్లు చుట్టూ తడిమి, “ఎలుక గాదు. తేజాబు. బ్యాటరీల నుంచి చిమ్ముతుంది. నీ చీర పాలిస్టరు, దానికేం గాదు. లంగా కాటన్, గందుకే కాలింది” అన్నాడు. చూడకుండానే చెప్పేశాడు! ఎన్నేళ్ళు సాంచాల మీద గుడ్డ నేసిన చెయ్యి అది. నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వంలో లంగా సంగతి మర్చిపోయాను.

బ్యాటరీ డబ్బా నేను ఎక్కే మెట్టు వెనకే ఉంది. ఎక్కినప్పుడూ దిగినప్పుడూ అంచు దానికి రాసుకుంటుంది. సరే, తేజాబు ఎందుకు చిమ్ముతోంది? అది అడిగితే ఆయన లేచి చాయ్ పెట్టమన్నాడు.

డిసెంబరు 11

హెడ్‌లైటు బల్బు మాడిపోయింది. మళ్ళీ.

డిసెంబరు 16

క్యాబిన్‌లో కుళ్ళిన గుడ్ల వాసన. నిన్న నేను గుడ్డు కూర తెచ్చానని ఆయన నన్నే అనుమానించాడు. “టిఫిన్ డబ్బా సరిగ్గ కడుగుతలేవు” అంటాడు. నాకు ఒళ్ళు మండింది. డబ్బా తీసుకెళ్ళి ఆయన ముక్కు కింద పెట్టాను. వాసన డబ్బాది కాదు, బ్యాటరీది. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

బ్యాటరీల షాపు వాడు చూసి ఇది ముసలిదైపోయింది, ఖతం అన్నాడు. కొత్తది వేయించాం. ఇక పీడ విరగడైంది.

డిసెంబరు 20

ఈ రోజు ఎంత బాగుందో! బమ్రోలిలో మూడు కార్ఖానాల్లో గ్రే తాకాలు, అంటే ఇంకా రంగు వేయని గుడ్డ చుట్టలు, ఎక్కించుకుని రింగ్ రోడ్డు మార్కెట్‌కు వెళ్ళాం. తాకాల మూటలు ఎక్కించేది హమాలీలు, లెక్క చూసుకునేది నేను. దారిలో ఆగి లోచో తిన్నాం. ఆయన సగం తిని మిగతాది నా వైపు జరిపాడు. తనకు ఆకలి లేదట. నాకు ఇష్టమని తెలుసు కదా ఆయనకు.

క్యాబిన్‌లో ఆయన నాతో మాట్లాడినంత ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. “ఆ గేటు మీద నంబరెంత పద్మా?” “గా బోర్డు మీద ఏం రాసిండ్రు చదువు జర.” ఈ ఊరికి బతకడానికి వచ్చాక నేర్చుకున్నదే అయినా నేను గుజరాతీ బోర్డులు గడగడా చదువుతాను, ఆయన తల ఊపుతాడు. చదవడం ఆయనకు రాక కాదు. “నువ్వు చదువుతుంటే వినబుద్దైతది” అన్నాడు. ఇది రాస్తుంటే కూడా సిగ్గేస్తోంది. రుచిత చూస్తే పరువు పోతుంది.

డిసెంబరు 28

సాయంత్రం లోడు వద్దని సేఠ్‌కు చెప్పేశాడు. చీకటి పడకముందే ఇంటికి వచ్చేస్తున్నాం. ఎందుకయ్యా వచ్చిన పని వద్దంటావు అంటే “పొద్దుగూకంగనే నీతోని ఇంట్ల కూసుండి చాయ్ తాగుదామని” అన్నాడు. నేనేం మాట్లాడతాను ఇంక?

ఒక్క రోజు మాత్రం ఆలస్యమైంది, మొన్న. దారి పొడుగునా తిట్లే తిట్లు. ఎదురొచ్చే ప్రతి బండీ కళ్ళల్లో కొట్టే లైట్లు పెట్టుకుందట, మున్సిపాలిటీ వాళ్ళు వీధి దీపాలు తగ్గించేశారట, మన బండి లైట్లకు పస లేదట. నాకైతే మన లైట్లు ఎదుటివాళ్ళు తిట్టేంత వెలుగుగానే ఉన్నాయి. నిజంగానే తిట్టారు ఇద్దరు ముగ్గురు.

రుచిత ఇంకో ఫిర్యాదు. “పప్పా నా మెసేజ్ ఒక్కటి కూడా చదవడం లేదు, వాయిస్ పంపితేనే జవాబిస్తారు.” సగం గుజరాతీ, సగం హిందీలో రాస్తే తండ్రి ఏం చదువుతాడే అని నేనే దాన్ని కసిరాను.

జనవరి 3

కొత్త బ్యాటరీ పొట్ట ఉబ్బింది. వారం వారం నీళ్ళు తాగుతోంది. అదే వాసన.

ఆయన చాలాసేపు బండి చుట్టూ తిరిగి, వచ్చి గడపలో కూర్చుని, “అమ్మేద్దాం పద్మా” అన్నాడు. అమ్రోలిలో ఎవరో పాత బండ్లు కొంటారట. తాను మళ్ళీ సాంచాల పనికి పోతాడట. నేనేం చేయాలి అని అడిగాను. “నువ్వు ఇంట్లనే ఉండు, స్టోన్ల పని ఉండనే ఉన్నది గదా” అన్నాడు.

ఉండనే ఉంది! నాకు ఆ పని వద్దు. నాకు నా సీటు కావాలి. కిటికీలోంచి గాలి, దారి పొడుగునా మనుషులు, పక్కన ఈ మనిషి మాటలు. ఈ మూడు నెలలు నేను ఉన్నంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఒక డబ్బాడు తేజాబు నీళ్ళ కోసం ఇదంతా వదులుకోవాలా? వదులుకోను. బండికి ఏం రోగమో నేనే కనుక్కుంటాను.

జనవరి 8

మల్లేష్ దగ్గరికి నేనే వెళ్ళాను. బమ్రోలి రోడ్డు మీద బండ్ల కరెంటు పని చేస్తాడు, మన కరీంనగర్ వైపు వాడే. నన్ను అక్కా అంటాడు, ఆయన్ని బావా అంటాడు. వాడి నోటికి తాళం ఉండదు కానీ చెయ్యి మంచిది.

ముందు ఇంజను ఆపి బ్యాటరీకి మీటరు పెట్టాడు. బాగానే ఉందన్నాడు. ఇంజను స్టార్ట్ చేయించి మళ్ళీ చూశాడు. నన్ను ఎక్సలేటరు తొక్కమన్నాడు. నేను తొక్కానండీ! ఇంజను గట్టిగా అరిచింది, మల్లేష్ కూడా అరిచాడు. “బస్ అక్కా బస్! పదహారు వోల్టులు పోతున్నది! పద్నాలుగు దాటొద్దు ఇది. గందుకే బ్యాటరీ ఉడుకుతున్నది, బల్బులు మాడుతున్నయ్.”

ఇంతకాలం మేం బ్యాటరీ చెడిపోయిందని బ్యాటరీనే మారుస్తున్నాం. తప్పు దానిది కాదట, దానికి అన్నం పెట్టేవాడిదట. ఆల్టర్నేటరు కరెంటు పుట్టిస్తుంది, ఎంత పుట్టించాలో రెగ్యులేటరు చెబుతుంది. రెగ్యులేటరు పాడైతే కడుపు నిండినా వడ్డిస్తూనే ఉంటుంది. మా అత్తగారి లాగా.

ఆయనకు చెప్పాను. సంతోషపడతాడనుకున్నాను. “అమ్మే బండికి ఎందుకే ఇదంత” అని అటు తిరిగాడు.

జనవరి 10

మల్లేష్ కొత్త రెగ్యులేటరు వేశాడు.

జనవరి 12

ఏమీ మారలేదు. అదే పదహారు. మల్లేష్ తల గోక్కుంటున్నాడు. రెగ్యులేటరుకు బాడీ కనెక్షను సరిగ్గా అందడం లేదేమోనని తుప్పు గీకి మళ్ళీ బిగించాడు. అయినా అంతే. “ఇంకో రోజు నిమ్మళంగ వైర్లన్నీ ఇప్పి చూడాలె అక్కా” అన్నాడు. అమ్రోలి మనిషి పండగ వెళ్ళాక బండి చూడ్డానికి వస్తాడట.

జనవరి 14

డాబా మీద రుచిత, దాని స్నేహితులు పతంగులు ఎగరేశారు. ఊరంతా డాబాల మీదే ఉంది, పాటలు, కేకలు, పండగకు వండే ఊంధియు కూర. ఆయన కుర్చీ వేసుకుని ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు.

“ఈసారి పతంగులు తక్కువున్నయ్ పద్మా” అన్నాడు.

ఆకాశం నిండా ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పడేటన్ని ఉన్నాయి. ఈయనకు ఈమధ్య పరాచికాలు ఎక్కువయ్యాయి. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

జనవరి 17

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున మల్లేష్ షాపు ముందు బండి పెట్టాం. వాడు స్టీరింగు కింద డొప్ప ఊడదీసి, పడుకుని లోపలికి దూరాడు. “అక్కా, ఈ సన్న వైరు ఉన్నది చూడు, ఇది రెగ్యులేటర్‌కు ఖబర్ ఇచ్చేది. బ్యాటరీ నిండిందా లేదా అని. బ్యాటరీ కాడ ఎంత ఉన్నదో ఈ వైరు కాడ గూడ గంతే రావాలె. రెండు తక్కువ చూపిస్తున్నది. నడుమ ఎక్కడనో ఏదో అడ్డమున్నది” అని లోపల్నుంచే చెబుతున్నాడు. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. “ఇప్పుడవన్నీ ఎందుకు మల్లేష్, పాత రెగ్యులేటరే పెట్టేయి, పోతం” అన్నాడు. ఒకసారి కాదు, రెండు మూడు సార్లు.

మల్లేష్ నల్ల టేపు విప్పాడు. లోపల వైరు కోసి, మధ్యలో గింజల్లాంటివి మూడు వరుసగా అతికించి ఉన్నాయి. డయోడ్లట. వాడు బయటికి వచ్చి వాటిని అరచేతిలో పెట్టుకుని నవ్వాడు. “దొరికిండు దొంగ! వీటి మీదికెళ్లి పోతే ఖబర్ తక్కువైతది. బ్యాటరీ నిండినా గూడ నిండలేదని చెప్తది వైరు. అది నమ్మి ఆల్టర్నేటరు ఇంకింత పుట్టిస్తది. రెగ్యులేటర్ వంద మార్చినా ఇంతే. హైవే మీద డ్రైవర్లు పెట్టిచ్చుకుంటరక్కా గిట్ల, లైట్లు జోరుగ వెలుగాలని. కంపెనీ పని గాదు, ఎవరో కావాలని పెట్టిండ్రు. ఎవలు పెట్టిచ్చిండ్రు బావా?”

నేను ఆయన ముఖం చూశాను.

సాంచాల కార్ఖానాల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరూ నోరు తెరిచి చెప్పరు, అందరికీ తెలుసు. చూపు మందగించిన మనిషి తన సాంచ మీద వేలాడే బల్బును కాస్త కిందికి దించుకుంటాడు. తెగిన పోగు కనబడాలి కదా. కొన్నాళ్ళకు ఇంకొంచెం దించుతాడు. ఆ తర్వాత పెద్ద బల్బు పెట్టుకుంటాడు. పక్క సాంచ మీది వాళ్ళు చూస్తారు, చూడనట్టే ఉంటారు. మా బాపు బల్బు చివరికి ఆయన తలకు తగిలేది. ఇంట్లో మాకెవరికీ చెప్పలేదు. ఒక రోజు మాస్టరు నెమ్మదిగా పిలిచి, రేపటి నుంచి కండెలు చుట్టే పని చూసుకో అన్నాడట. ఆ సాయంత్రం బాపు అన్నం తినలేదు.

ఈయన ఆ కార్ఖానాల్లోనే పెరిగాడు. బండికీ అదే చేశాడు. బల్బు దించుకున్నాడు.

ఆయన నేల చూపులు చూస్తున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. మల్లేష్ ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు. వాడి నోట్లో పడితే సాయంత్రానికి బమ్రోలి అంతా తెలుస్తుంది.

“నేనే పెట్టియ్యమన్న” అన్నాను. “రాత్రి నాకు భయమైతది, లైట్లు జోరుగ ఉండాలె అని నేనే ఆయన పానం తీసిన.”

“గట్ల చెప్పరాదా అక్కా ముందుగాల! వారం నుంచి నా తల తిన్నవ్” అని మల్లేష్ ఒకటే నవ్వు. డయోడ్లు తీసేసి వైరు నేరుగా కలిపాడు. మీటరు పెట్టాడు, గట్టిగా తొక్కినా పద్నాలుగు దాటలేదు. బండికి రోగం లేదు. ఏ రోగమూ లేదు.

 

జనవరి 18

హైవే పక్కన ఎవడో ముక్కూ మొహం తెలియని వాడికి చెప్పుకున్నాడు, “నాకు కనబడ్తలేదు, లైట్లు పెంచు” అని. నాకు చెప్పలేదు. పక్కలో పడుకునే దానికి చెప్పలేదు.

గేటు మీద నంబరెంత పద్మా. బోర్డు చదువు పద్మా. నువ్వు చదువుతుంటే వినబుద్దైతది. అబ్బో! నేనొక పిచ్చిదాన్ని, ఈ వయసులో మురిసిపోయాను. ఒక్కడికి తోచక పిలవలేదు నన్ను. కళ్ళు లేక పిలిచాడు. పాత క్లీనరుకు గుజరాతీ చదవడం రాదు, అందుకే వాణ్ణి మానిపించి ఉంటాడు.

లోచో సగం ఎందుకు వదిలేశాడో మరి. దానికీ ఏదో కారణం ఉండే ఉంటుంది.

జనవరి 19

మాట్లాడలేదు.

జనవరి 20

మాట్లాడలేదు. బండి ఎక్కాను, ఎక్కకపోతే ఎవరినైనా గుద్దేస్తాడని. “ఎడమ పక్క ఖాళీ”, “ముంగట గుంత” అంతవరకే. అది కూడా గాలికి చెప్పినట్టు చెప్పాను. అద్దకం మిల్లు దగ్గర బోర్డు చదవలేదు. ఆయన ఆగి నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి మేకను చూస్తున్నాను. ఆయన దిగి, బోర్డు దగ్గరికి పోయి, దాదాపు ముక్కు ఆనించి చదువుకుని వచ్చాడు. అయినా మాట్లాడలేదు. నాది రాతి గుండె అని ఆయన అనుకుని ఉంటాడు. అనుకోనీ.

జనవరి 22

సేఠ్ బతిమాలితే సాయంత్రం లోడు ఒప్పుకున్నాడు. వద్దని నేను అనాల్సింది. మాటల్లేవు కదా మా మధ్య.

మార్కెట్‌లో దించేసరికి పొద్దు గూకింది. ఉధనా వైపు వస్తున్నాం. ఇప్పుడు మన లైట్లు మామూలుగా, ఉండాల్సినంతే ఉన్నాయి. ఎదురుగా బస్సులు, ఆటోలు. ఆయన స్టీరింగు మీదికి వంగిపోయాడు, నడక కంటే నెమ్మదిగా పోతున్నాడు, వెనక నుంచి హారన్లు. ఒక స్కూటీ అమ్మాయి అడ్డంగా కోసుకుంటూ బండి ముందు నుంచి పోయింది. నేను కేక వేశాను. బ్రేకు పడింది. ఆ అమ్మాయి తిరిగి చూసి తిట్టి వెళ్ళిపోయింది. రుచిత అంత ఉంటుంది.

ఆయన బండిని పక్కకు తీసి ఆపాడు. ఇంజను కూడా ఆపేశాడు.

“పద్మా” అన్నాడు. “నాకు కనబడ్తలేదే.”

అదొక్క మాట కోసం నేను ఇన్ని రోజులు అలిగి కూర్చున్నాను. తీరా అన్నాక నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది. ఆయనకు కనబడదులే అని ధైర్యంగా ఏడ్చాను.

“ఎప్పటిసంది?”

“బతుకమ్మ ముంగటి నుంచి. లైట్లు ఎదురొస్తే అంత తెల్లగైతది. పొగల ఉన్నట్టుంటది.”

“గందుకేనా నన్ను బండెక్కమన్నది?”

అబద్ధం చెప్పి ఉంటే నేను ఆ క్షణంలో నమ్మేసేదాన్నే.

“గందుకే” అన్నాడు.

“నాకెందుకు చెప్పలే?”

“ఏమని చెప్పాలె? మీ బాపును చూసిన గదా. బండి ఖరాబైందని అమ్ముకుంటే ఎవలేమంటరు? నేను ఖరాబైన అని అమ్ముకునుడు వేరే ఉంటది.”

ఆయన చెయ్యి పట్టుకున్నాను. గరుకు చెయ్యి. రోడ్డు మీద బండ్లు పోతూనే ఉన్నాయి. కాసేపయ్యాక నేను దిగి శనక్కాయలు కొనుక్కొచ్చాను, ఒలిచి ఆయన చేతిలో పెడుతుంటే తిన్నాడు. మల్లేష్‌కు ఫోను చేస్తే వచ్చి బండి నడిపాడు. ఆయనకు కడుపునొప్పి అని చెప్పాను. ఎన్ని అబద్ధాలాడించాడు నాతో ఈ మనిషి!

జనవరి 25

కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ హిమశ్రీ, తెలుగావిడే. మోతిబిందు, అదే కంట్లో శుక్లం, అంది, రెండు కళ్ళకూ. కుడి కన్ను బాగా ముదిరిందట. ఆపరేషన్ చేస్తే మునుపటిలా కనబడుతుందట. మునుపటిలా! ఆ మాట ఆమెతో రెండోసారి అనిపించుకున్నాను.

“ఇంత ముదిరేవరకూ ఏం చేస్తున్నారండీ?” అని కోప్పడింది.

“బ్యాటరీ మార్చినం మేడం” అన్నాను. “రెగ్యులేటర్ గూడ మార్చినం.”

ఆవిడకేమీ అర్థం కాలేదు. ఆయన మాత్రం ముఖం రుమాలులో దాచుకుని నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు.

అమ్రోలి మనిషికి ఫోను చేసి బండి అమ్మడం లేదని చెప్పేశాను. ఆయన్ని అడగలేదు.

ఫిబ్రవరి 4

కుడి కన్ను అయింది. నల్లద్దాలు పెట్టుకుని మహారాజులా కూర్చున్నాడు. చుక్కల మందు వేయించుకోవడానికి చిన్నపిల్లాడి కంటే ఎక్కువ ఏడిపిస్తున్నాడు.

ఫిబ్రవరి 15

ఆగి ఉన్న బండిని రోజూ కాసేపు స్టార్ట్ చేసి ఉంచుతున్నాను. బ్యాటరీ నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి. వాసన లేదు.

ఎడమ పక్క సీట్లో కాసేపు కూర్చున్నాను. ఊరికే.

మార్చి 6

రెండో కన్నూ అయింది. కట్టు విప్పినప్పటి నుంచి ఇంట్లో మనశ్శాంతి లేదు. గోడకు సున్నం ఊడింది, రుచిత గోళ్ళ రంగు బాగాలేదు, బియ్యంలో మెరికలున్నాయి, నా జాకెట్టు కుట్టు తప్పింది. “మీకు కనబడనప్పుడే బాగుండె పప్పా” అని రుచిత అంది. రుచిత మెసేజీలన్నీ కూర్చుని ఒక్కొక్కటీ చదివాడు, నాలుగు నెలలవి.

మార్చి 15

మల్లేష్ వచ్చి, క్లీనరు పని కోసం ఒకడు తిరుగుతున్నాడు, మంచి మనిషి, పెట్టుకో బావా అన్నాడు.

“చూద్దాం” అన్నాడు ఆయన.

చూద్దాం! వద్దు, మా పద్మ ఉంది అనొచ్చు కదా. అనలేదు. ఎందుకంటాడు? బోర్డులు తానే చదువుకుంటాడు. గందుకే పిలిచిన అని తన నోటితోనే చెప్పాడు. కళ్ళొచ్చాయి, కారణం పోయింది. నేను అడగను. చచ్చినా అడగను. స్టోన్ల పనికి మనిషి కావాలని కింది ఇంటి ఆవిడ అంటూనే ఉంది.

మార్చి 23

డాక్టరమ్మ బండి నడపొచ్చు అంది. రేపటి నుంచి పని.

రాత్రి టిఫిన్ డబ్బాలు తీస్తూ ఒకరికి కట్టాలా ఇద్దరికా అని తెలియక నిలబడ్డాను. ఆయన పక్క నుంచే పోయాడు.

మార్చి 24

పొద్దున బండి కడిగాడు, అద్దాలు తుడిచాడు, కుడి పక్క తాళ్ళు బిగిస్తూ ఏదో పాట కూనిరాగం తీశాడు. రా అని అనలేదు. నేను డబ్బా, నీళ్ళ సీసా తీసుకెళ్ళి ఎడమ పక్క సీట్లో పెట్టి, తలుపు ధడేల్మని వేసి, ఇంటి వెనక నల్లా దగ్గరికి వచ్చేశాను. పిలుస్తాడేమో చూద్దామని.

బండి స్టార్టయింది. వెళ్ళిపోయింది.

అంతే. గిన్నెలు ముందేసుకుని కూర్చున్నాను. ఏ గిన్నె తోమానో, ఎన్నిసార్లు తోమానో తెలియదు. రుచిత వచ్చి “పప్పా నిన్ను తీసుకెళ్ళలేదా?” అంది. దాని మీద అరిచాను. అది బిక్కమొహం వేసుకుని పోయింది. వెళ్ళనీ, ఆయన బండి, ఆయన కళ్ళు, నాకేం అనుకున్నాను. నాకేం అనుకుంటూ కుళ్ళి కుళ్ళి ఏడ్చాను.

కాసేపటికి గల్లీ మొదట్లో హారన్. ఆపకుండా కొడుతున్నాడు, ఊరంతా లేచేటట్టు. వెళ్ళి చూస్తే మన బండే. తల బయటికి పెట్టి నా మీద కేకలు.

“ఎప్పుడు దిగినవే నువ్వు?”

“ఎక్కితెనే గదా దిగుడు!”

“తలుపు వేసిన సప్పుడు విన్న! ఎక్కినవనుకున్న! పాండెసరా దాకా మాట్లాడుకుంట పోయిన. రెడ్ లైటు కాడ ‘ఏందే, ఉలుకు లేదు పలుకు లేదు, మల్ల అలిగినవా’ అని అడిగిన. పక్క బైకు మీద ఉన్నోడు నన్ను చూసి ఒకటే నవ్వుడు!”

గల్లీలో వాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చేశారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతులకు ఇంకా సబ్బు నురగ ఉంది.

“రెండు కొత్త కళ్ళు పెట్టిచ్చుకున్నవ్ గదా” అన్నాను. “పక్క సీట్ల మనిషి లేదని కనబళ్ళేదా?”

“అటు చూస్తెనే గదా కనబడేది” అన్నాడు. ఇంకా కోపంగానే ఉన్నాడు. “నువ్వు లేకుంట ఎందుకుంటవని అటు చూడాలె?”

చేతులు చీరకు తుడుచుకుని ఎక్కాను. పాండెసరా దాకా ఏం మాట్లాడావో మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాను. సణుగుతూనే మొదలుపెట్టాడు, ఉధనా దాటినా అయిపోలేదు.